ఢిల్లీ తెలుగువాళ్ళ ఆదివారం మతిమరుపు

ఢిల్లీ వెళ్ళొచ్చానని తెలియగానే మా తెనాలిలో అందరూ ఒకటే ప్రశ్న: ఎర్రకోట చూశావా, కుతుబ్ మీనార్ చూశావా అని. రెండూ చూడలేదు. నేను చూసి వచ్చినవి ముగ్గురు తెలుగు ఇల్లాళ్ళ వంటిళ్ళు. ఇంకా చెప్పాలంటే, ఆ వంటిళ్ళలో ఫ్రిజ్ మీద, బియ్యం డబ్బా మీద, పోపుల పెట్టె పక్కన పెట్టి ఉన్న మూడు సెల్‌ఫోన్లు. అంత దూరం వెళ్ళి చూసేవి అవేనా అంటే, అవే. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ పాఠాలు చెబుతాను. నేను చదువుకునే రోజుల్లో జ్ఞాపకశక్తిని పరీక్షించాలంటే మనిషిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు గది అక్కర్లేదు. మనిషి జేబులో ఉన్న ఫోనే ప్రయోగశాల. అది రోజులో తోచినప్పుడల్లా మోగి, "ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడుగుతుంది. వరసగా కొన్ని బొమ్మలు చూపించి, అదే వరసలో నొక్కమంటుంది. ఎంత సేపట్లో నొక్కారో, ఎక్కడ తప్పారో అంతా ఢిల్లీ పక్కనున్న ఒక పరిశోధన కేంద్రానికి చేరిపోతుంది. నలభై దాటిన ఉద్యోగస్తుల జ్ఞాపకం ఏ వేళ ఎలా ఉంటుందో తెలుసుకోవాలని వాళ్ళ ప్రయత్నం. ఆ ఫోన్‌లో తెలుగులో ప్రశ్నలడిగే గొంతు నాది. నా గొంతు బాగుంటుందని కాదు, నేను ఉచితంగా చదువుతానని ఎంచుకున్నారు.

ముందే ఒక మాట. ఇక్కడ పేర్లన్నీ మార్చాను. మిగతాది ఆ ఇళ్ళవాళ్ళు రాయమన్నాకే రాస్తున్నాను.

జనక్‌పురి

స్టేషన్‌లో దిగగానే మొదటి దెబ్బ. దాదాపు నా వయసే ఉన్న సెక్యూరిటీ గార్డు, "మాతాజీ, బ్యాగ్ ఇధర్" అన్నాడు. వెనక్కి తిరిగి ఎవరా మాతాజీ అని చూశాను. ఎవరూ లేరు. మా ఊళ్ళో నన్నింకా 'అమ్మాయిగారూ' అని పిలిచే కూరగాయలవాళ్ళున్నారు మరి.

జనక్‌పురిలో ఒక పంజాబీ ఆంటీ ఇంట్లో గది ఇప్పించారు. పొద్దున్నే ముల్లంగి పరాఠా పెట్టింది, దాని మీద నిమ్మకాయంత వెన్నముద్ద. తినగలనా అనుకున్నాను. రెండోది నేనే అడిగి పెట్టించుకున్నాను. ఆవిడ సాంబారు కూడా చేయగలనని చెప్పి, సాయంత్రం చేసి చూపించింది. సొరకాయ ముక్కలతో పప్పు పులుసు పెట్టి అందులో పంచదార వేసింది. "అచ్ఛా హై న?" అని అడిగితే ఏమనగలను, బాగుందన్నాను. ఉన్నన్ని రోజులూ ఆ మాటకు శిక్ష అనుభవించాను.

పరిశోధన చూసే అమ్మాయి శాలిని ఆ రోజే వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. ఢిల్లీ పిల్ల, గబగబా మాట్లాడుతుంది.

"దీదీ, మీ తెలుగువాళ్ళతో పెద్ద తలనొప్పి వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా అందరికంటే ముందుంటారు. ఆదివారం వస్తే చాలు, ధడామ్! పడిపోతారు. మిగతా భాషలవాళ్ళెవరికీ ఇంత తేడా లేదు."

గీతలు చూపించింది. నిజమే. వారమంతా మిద్దె మీద నడుస్తున్న గీత ఆదివారం నేల మీదకి దూకుతోంది. చేరిన తెలుగువాళ్ళంతా మగవాళ్ళే, నాకు నవ్వాగలేదు. ఆదివారం మన మగవాళ్ళకు మెదడుకి కూడా సెలవే కాబోలు అన్నాను. శాలిని నవ్వలేదు.

"కారణం తెలిస్తే సరే. తెలియకపోతే వచ్చేవారం ఆదివారాలన్నీ తీసేస్తాం. వాటిని లెక్కలోకి తీసుకోలేం కదా. మీరే వెళ్ళి అడగండి, మీ గొంతు వాళ్ళకి తెలుసు" అంది. అదీ నేను వెళ్ళిన పని.

సరోజినీ నగర్

ప్రభుత్వ క్వార్టర్లలో ఉంటున్న హేమలతది నెల్లూరు వైపు. భర్త ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. తలుపు తీయగానే నేను "నమస్కారమండీ" అన్నానో లేదో, ఆమె నోరు తెరిచేసింది.

"అయ్యో, ఫోన్‌లో మాట్లాడేది మీరేనా! మీ వల్ల మొన్న నా బెండకాయ వేపుడు మాడిపోయిందండీ!"

ఫోన్ మోగేది భర్తకైతే ఈమె వేపుడు ఎందుకు మాడింది? అడిగే లోపలే మార్కెట్‌కి బయలుదేరదీసింది. సరోజినీ మార్కెట్ సంగతి విన్నాను గాని ఇలా ఉంటుందనుకోలేదు. నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. ఒక స్వెటర్‌కి ఆరువందలు చెప్పాడు. మా ఊరి అలవాటు కొద్దీ నేను ఐదొందల యాభై అన్నాను. హేమలత నా చెయ్యి గిల్లి, "భయ్యా, డేఢ్ సౌ" అని నూట యాభైకి అడిగేసి గిర్రున తిరిగి నడక మొదలుపెట్టింది. ఆ అబ్బాయి వెంటపడి మరీ రెండొందలకి ఇచ్చాడు. ఇంత సిగ్గులేకుండా బేరమాడొచ్చని నాకు ఈ వయసులో తెలిసింది.

సరిగ్గా అప్పుడే ఆమె చేతిసంచిలోంచి నా గొంతు వినిపించింది. "నమస్కారం. ఇప్పుడు మీరేం చేస్తున్నారు?" అన్నాను నేను, సంచిలోంచి. హేమలత ఫోన్ తీసి, 'ఆఫీసు పని' అని నొక్కి, బొమ్మలు చూసి, ఒక చేత్తో స్వెటర్లు తిరగేస్తూ ఇంకో చేత్తో టకటకా నొక్కేసింది. ఒక్క తప్పు లేదు.

"ఇది మీవారి ఫోన్ కదండీ?"

"ఆయనదేనండీ. ఒకసారి మెట్రోలో జేబు కొట్టేశారు. అప్పట్నుంచి ఆఫీసుకి బటన్ ఫోనే తీసుకుపోతారు, ఇది ఇంట్లోనే."

"మరి జవాబులు ఆయన కదా చెప్పాల్సింది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మోగినప్పుడు చెప్పకపోతే ఆబ్సెంట్ పడదూ? ఆయన పేరు మీద సున్నా పడితే బాగుంటదా?"

మరి ఆదివారం అంటే, "శనివారం కూడా ఆఫీసంటూ పోతారు, ఆదివారమే ఇంట్లో ఉంటారు కదా, ఆయనే ఆడుకుంటారు. నిదానంలెండి మనిషి" అంది.

శాలిని గీతల రహస్యం ఇదా! మన మగవాళ్ళ మతిమరుపు కాదు, ఆడవాళ్ళ చురుకుదనం. వారానికి ఆరు రోజులు మేము కొలిచింది ఉద్యోగస్తులను కాదు, వాళ్ళ ఇల్లాళ్ళను. ఒక్క ఇంటి సంగతేమోనని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

ద్వారక

తప్పు వైపు మెట్రో ఎక్కి, నోయిడా దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి ద్వారక చేరాను. పెద్ద పెద్ద హౌసింగ్ సొసైటీలు, గేటు దగ్గర మన పేరు, ఫోటో తీసుకుని గాని లోపలికి పంపరు. మా వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో చెప్పడానికి ఎదురింటి అరుగు చాలు.

స్రవంతిది కరీంనగర్. భర్త గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్. నేనొస్తున్నానని సొసైటీలో ఉన్న మరి కొందరు తెలుగు ఆడవాళ్ళని కూడా పిలిచింది. పెసరట్లు వేసింది. పిల్లవాడిని "ఆంటీకి నమస్తే చెప్పురా" అంటే, వాడు "మమ్మీ, యే వహీ ఫోన్‌వాలీ ఆంటీ హై?" అని నా చుట్టూ తిరిగాడు. తెలుగులో అడిగితే హిందీలో చెప్తాడు. నేనేదో చెప్తే అర్థం చేసుకుని నవ్వుతాడు, జవాబు మాత్రం హిందీలోనే.

"మీవారి ఫోన్ ఇంట్లోనే ఉంటుందా?" అని మెల్లగా కదిపాను.

"అవునక్కా. ఆయనకు ఆఫీసుది వేరే ఉంది. స్కూలు మెసేజ్‌లు, గ్యాసు, ఓటీపీలు అన్నీ ఈ ఫోన్‌కే వస్తయి. అందుకే శనివారం ఆఫీసుకు పోయినా గూడ నా దగ్గరే పెట్టి పోతడు" అని ఊరుకోలేదు. "మేం మస్తు ప్రాక్టీస్ చేసినం అక్కా!" అని తన ఫోన్‌లో ఒక గ్రూపు తెరిచి చూపించింది.

దాని పేరు 'తెలుగు మెమరీ టాపర్స్'. ఆ సొసైటీలో పరిశోధనలో చేరిన మగవాళ్ళ భార్యలంతా అందులో ఉన్నారు. బొమ్మలన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నారు. వరస గుర్తుండటానికి చిట్కాలు ఉన్నాయి.

"గొడుగు, కుండ, బస్సు, నిమ్మకాయ వచ్చినయనుకో. గొడుగేసుకున్నామె కుండ పట్కొని బస్సెక్కి నిమ్మకాయలు అమ్మిందని కత అల్లుకోవాలె. ఇగ మర్చిపోవుడే ఉండదు" అని స్రవంతి నాకు పాఠం చెప్పింది. సైకాలజీ లెక్చరర్‌కి!

"ఇది పరీక్ష కాదమ్మా. మార్కులుండవు. తప్పు చేస్తే ఏమీ కాదు. తప్పులే మాకు కావాలి" అన్నాను ఏడవలేక నవ్వుతూ.

ఎవరికీ ఆ మాట ఎక్కలేదు. కోచింగ్ సెంటర్ల నీడలో పెరిగిన జాతి మనది. తప్పు చేస్తే ఏమీ కాని పరీక్ష ఒకటి ఉంటుందంటే ఎవరు నమ్ముతారు? చివరికి స్రవంతి అంది, "గట్లంటవు గానీ అక్కా, రేపు మా ఆయన పేరు మీద తక్కువొస్తే ఎవరికి నామోషీ?"

రాత్రి శాలినికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అంటే దీదీ, తీసేయాల్సింది ఆదివారాలు కాదు. ఆదివారాలు తప్ప మిగతాదంతా" అంది నీరసంగా. తర్వాత ఆదివారాల గీతలు మాత్రమే విడిగా తీసి పంపింది. అందరివీ ఒక మోస్తరుగా, వయసుకు తగ్గట్టు ఉన్నాయి. ఒక్కటి మాత్రం అడుగున ఎక్కడో ఉంది. ప్రతి ఆదివారం ఇంకొంచెం కిందికి. ఆ గీత చూడగానే నవ్వు పోయింది, భయం వేసింది. అది నేనింకా వెళ్ళని ఇల్లు.

కంటోన్మెంట్

సైన్యంలో సుబేదార్‌గా ఉన్న సింహాచలం గారిది శ్రీకాకుళం జిల్లా. కొద్ది నెలల్లో రిటైరవుతారు. ఆయన భార్య ఆదిలక్ష్మి గేటు దాకా వచ్చి, పేరు, ఫోన్ నంబరు రాయించి, నన్ను లోపలికి తీసుకెళ్ళింది. శనివారం. ఆయన డ్యూటీలో ఉన్నారు. బయట అంత ఢిల్లీ హారన్లు కొట్టుకుంటుంటే లోపల చీపురుతో దువ్వినట్టు రోడ్లు, సున్నం కొట్టిన చెట్లు, ఒకేలాంటి పసుపురంగు క్వార్టర్లు. రోడ్డు మీద ఒక్క కాగితం ముక్క లేదు.

ఊరి నుంచి తెప్పించిన ఎండు నెత్తళ్ళతో వంకాయ కూర చేసింది. ఢిల్లీలో అడుగుపెట్టాక కడుపు నిండా తిన్నది ఆ పూటే. తింటుండగా బియ్యం డబ్బా మీద ఉన్న ఫోన్ మోగింది. ఆవిడ ఎడమచేత్తో అందుకుని జవాబులు కొట్టేసింది. దాచాలని కూడా అనుకోలేదు.

"ఆఫీసులోకి ఫోన్లు పట్టికెల్లనివ్వరమ్మా. అందుకే ఇక్కడుంటది" అంది.

"ఆదివారం ఆయన ఆడతారా?"

ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఆదోరం కూడా నానే ఆడతానంటే ఇవ్వరు. లాక్కుంతారు. ఎంత సెప్పినా ఇనరు" అంది. తల ఎత్తకుండానే, "మీరు రేపు రాకండమ్మా" అంది.

"ఎందుకని?"

"మీరు రాసీసుకుంతారు. అది యూనిట్‌కి తెలిసిపోద్ది. రిటైరైనాక గురుగ్రామ్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం కాయమైపోనాది. మెడికల్లో పేరు పడిందంటే ఆ ఉద్యోగం పోద్ది. ఇద్దరాడపిల్లలు సదువుకుంతన్నారు." ఇక ఆపుకోలేక చెప్పేసింది. మొన్న సదర్ బజార్ వెళ్ళి ఇంటికి రాలేక ఫోన్ చేశారట. ఇన్నేళ్ళు తిరిగిన బజారు. పెద్ద పిల్ల పేరుతో చిన్న పిల్లని పిలుస్తారట. డ్యూటీలో వెనక ఉన్న కుర్రాళ్ళు సర్దేస్తున్నారు, ఇంట్లో ఈవిడ సర్దేస్తోంది. "ఆరు రోజులు నానాడితే ఆయన బాగున్నట్టే గదా కనపడతారు. ఎవులికీ అనుమానం రాదు" అంది.

నా గొంతుతో అడిగిన ప్రశ్నలకు, ఒక మనిషి జబ్బును దాచే జవాబులు ఇన్నాళ్ళుగా చేరుతున్నాయి. మేము వాటిని చూసి, తెలుగువాళ్ళు ఎంత చురుకైనవాళ్ళో అని మురిసిపోయాం.

యూనిట్‌కి చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను అని మాటిచ్చాను. ఆసుపత్రికి తీసుకెళ్ళమని మాత్రం బతిమాలాను. కొన్ని మతిమరుపులకి మందు ఉంటుంది, ముందే వెళ్తేనే ఉంటుంది అన్నాను. ఆవిడ వినలేదు. గేటు దాకా వచ్చి, "రాకండమ్మా" అని మళ్ళీ చెప్పింది.

ఆదివారం

వెళ్ళకూడదనే అనుకున్నాను. పొద్దున్నే ఫోన్ మోగింది. "మేడమ్, నేను సింహాచలాన్ని. మీరు వచ్చి వెళ్ళారట, గేట్‌వాళ్ళు నంబరిచ్చారు. ఈ రోజు రండి. గేట్ దగ్గిరుంటాను" అన్నారు, ఆర్డరు వేసినట్టు.

నేను వెళ్ళేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, నిటారుగా. ఎప్పుడొచ్చారని అడిగితే గార్డు నవ్వి, పొద్దున్నుంచీ సాబ్ ఇక్కడే అన్నాడు. నడుస్తూ, ఢిల్లీ చలి గురించి, మా తెనాలి గురించి చక్కగా మాట్లాడారు. ఈయనకేం జబ్బు అనుకున్నాను. అంతలో ఒక మలుపు తిరిగారు. ఇంకొకటి తిరిగారు. ఒకేలాంటి పసుపు క్వార్టర్ల మధ్య ఆగిపోయారు. నాకు దారి తెలుసు, నిన్ననే వచ్చాను. ఆయన నా వైపు తిరిగి, ఏ మాత్రం తడుముకోకుండా, "ఎటో మీరే సెప్పండమ్మా" అన్నారు.

ఇంటికి చేరాక ఆదిలక్ష్మి నన్ను చూసి మొహం తిప్పుకుంది. టీ ఇచ్చింది, మాట్లాడలేదు. ముగ్గురం అలా కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. "నమస్కారం. ఇప్పుడు మీరేం చేస్తున్నారు?" నా గొంతు ఇంత దయలేనిదని నాకెప్పుడూ అనిపించలేదు. ఆవిడ చటుక్కున చెయ్యి చాచింది. ఆయన ఫోన్ వెనక్కి తీసుకున్నారు.

బొమ్మలు వచ్చాయి. గొడుగు. కుండ. బస్సు. నిమ్మకాయ. ఆయన వేలు గొడుగు మీద నొక్కి, గాలిలో ఆగిపోయింది. వేలు వణకడం లేదు. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడింది, అంతే. గడువైపోయి తెర నల్లబడింది.

"ఎందుకలగ పరువు తీసుకుంతారు?" ఆదిలక్ష్మి ఏడుపుతో అరిచింది. "ఆ ఒక్కరోజూ నాకిచ్చీవొచ్చు గదా!"

"నువ్వు ఆరు రోజులు ఆడి నన్ను బాగు సేసేస్తన్నావు" అన్నారాయన మెల్లగా. "నేను బాగులేనని నీకు తెలుసు, నాకు తెలుసు. నాకు సెప్పడానికి ధైర్యం లేదు, నీకు ఇనడానికి లేదు. ఈ ఫోన్ ఎక్కడో ఎవరో సూస్తారని సేరినప్పుడిచ్చిన కాగితంలో రాసుంది. నాది నేను ఆడితే, ఏటిది ఇలగుందని ఎవరో ఒకరు అడక్కపోరా అని ఆదివారం ఇవ్వలేదు." నా వైపు తిరిగి, "రావడానికి శానా రోజులు పట్టింది మేడమ్ మీకు" అన్నారు.

ఆ ఆదివారాలనే మేము పనికిరావని చెరిపేయబోయాం. పిలుస్తున్నాడు మనిషి, వారం వారం, తనకు చేతనైన ఒకే ఒక్క విధంగా. మాకది లెక్క చెడగొట్టే గీతలా కనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదిలక్ష్మి చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. చివరికి లేచి మొహం కడుక్కుని వచ్చి, "రేపు మీరు కూడా రాగల్రా అమ్మా?" అని అడిగింది.

ఆసుపత్రి

మిలిటరీ ఆసుపత్రి వరండాలో వరస కట్టి కూర్చున్నవాళ్ళలో మేమూ కూర్చున్నాం. ఆవిడ సంచిలో ఫ్లాస్కు, బిస్కెట్లు, ఆయన మఫ్లరు అన్నీ తెచ్చింది. పిలిచినప్పుడు నన్ను కూడా లోపలికి రమ్మంది.

డాక్టరు నడివయసు మనిషి. పేరు, ఊరు అడిగాడు. పేరు ఆయనే చెప్పారు. ఊరు ఆదిలక్ష్మి చెప్పేసింది. నిద్ర ఎలా పడుతుందంటే ఆదిలక్ష్మే చెప్పింది. ఆకలి సంగతీ ఆవిడే. డాక్టరు ఆవిడను ఆపలేదు, కలం మాత్రం ఆపాడు. తర్వాత సింహాచలం గారి కళ్ళలోకి చూసి, "సాబ్, మీరు చెప్పండి. ఈ రోజు ఏం వారం?" అని హిందీలో అడిగాడు.

ఆదిలక్ష్మి నోరు తెరిచింది. నేను చూస్తూనే ఉన్నాను, జవాబు ఆవిడ పెదాల దాకా వచ్చింది. అంతలో కొంగు తీసి, రెండు చేతులతో తన నోరు తానే గట్టిగా మూసుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు ఆ చేతుల మీదుగా కారుతున్నాయి, చెయ్యి మాత్రం తీయలేదు.

సింహాచలం గారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

"పతా నహీ, సర్" అన్నారు, తెలియదనే మాటను పరేడ్‌లో జవాబు చెప్పినంత స్పష్టంగా.

డాక్టరు తల ఊపి, అదే రాసుకున్నాడు.